కొండల ఫొటోలు పక్కన పెట్టాక

నేను కెమెరా పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది 2009లో. అప్పుడు కొన్నది నికాన్ డీ90, దాంతోపాటు వచ్చిన 18-105 లెన్స్. అప్పట్నుంచి తీసిన ప్రకృతి ఫొటోలన్నీ ఈ ఎండాకాలం కూర్చుని మొదట్నుంచి చూశాను, పాత హార్డ్ డిస్కుల్లోంచి కొత్తదాంట్లోకి ఎక్కించాల్సిన పని ఎలాగూ ఉంది కాబట్టి. చూస్తూ ఉంటే ఒక సంగతి తేలిపోయింది. లంబసింగి మంచు, గండికోట లోయ, వంజంగి మేఘాలు, అరకు వలిసె పూలు, ఇలా ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్ళి తీసినవన్నీ చకచకా దాటేస్తున్నాను. కైకలూరు నుంచి కొల్లేరు దాకా మా పల్లపు పొలాల్లో, పండక్కో పెళ్ళికో ఊరెళ్ళినప్పుడు తీసినవి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగిపోతోంది.

ఊరి మీద మమకారం ఉంది, లేదనను. కానీ మమకారం ఒక్కటే కారణమైతే మా వీధి ఫొటోల దగ్గర, గుడి ఫొటోల దగ్గర కూడా అలాగే ఆగాలి. వాటి దగ్గర ఆగట్లేదు. ఆగుతున్నది పొలాలు, కాలువలు, తాటిచెట్లు, కొల్లేటి నీళ్ళు ఉన్నవాటి దగ్గరే. ఎందుకా అని కొన్ని రోజులు దీని గురించే ఆలోచించాను, దాని గురించే ఇది రాస్తున్నాను.

కొండల ఫొటోలు బాగాలేవని కాదు. గండికోటలో తెల్లవారకముందే కోట దాటి నడిచివెళ్ళి, ఆ బండల అంచున కూర్చుని, రెండు రాతిగోడల మధ్య పెన్నా మీదకి వెలుగు దిగడం చూడటం గొప్ప అనుభవం, ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది. ఫొటో కూడా శుభ్రంగా వచ్చింది. కానీ అందరం నిలబడేది ఆ బండల దగ్గరే, వెళ్ళేది ఆ వేళకే, లోయ వంపు తిరిగేచోటే ఫ్రేములో పెడతాం. వంజంగిలో అయితే మరీను, మేఘాలు కింద సముద్రంలా పరుచుకున్న ఆ ఫొటో నాదో, నా పక్కన నిలబడ్డ కుర్రాడిదో పేరు తీసేస్తే నేనే చెప్పలేను. పైగా ఆ కొండ పదేళ్ళ తర్వాత కూడా అలాగే ఉంటుంది. ఆ ఫొటోలో ఉన్నదల్లా నేను వెళ్ళిన ఒక పొద్దు. పల్లంలో తీసిన ఫొటోలో మాత్రం ఆ ఏడు మొత్తం ఉంటుంది: కాలువలకి నీళ్ళు ఎప్పుడొచ్చాయి, ఏం పంట వేశారు, వాన పడిందా, తుపాను వచ్చిందా, ఎవరు కోశారు, దేంతో కోశారు.

దూరం వెళ్ళి తీసినవాటిలో ఎర్రమట్టి దిబ్బలది మాత్రం వేరే లెక్క. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో ఉన్న ఈ దిబ్బల్ని 2014లో జియలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. గాలి, సముద్రం కలిసి వేల ఏళ్ళపాటు పోగేసిన ఇసుక అది, ఇనుము తుప్పు రంగు పట్టింది. వాన పడ్డప్పుడల్లా నీళ్ళు దాన్ని కోసుకుంటూ పోతాయి. ఒకే గెడ్డ (వాగు) దగ్గర కొన్నేళ్ళ తేడాతో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టాను. మొదటిదాంట్లో గట్టు అంచున నిలబడ్డ జీడిమామిడి చెట్టు, రెండోదాంట్లో వేళ్ళు బయటపడి సగం గాల్లో ఉంది. చెట్టు కింద మట్టి ఎంత పోయిందో వేళ్ళని బట్టి కొలవొచ్చు. కాలం కనబడుతోంది కాబట్టే ఆ ఫొటోల దగ్గర కూడా చెయ్యి ఆగింది.

పల్లంలో ఫొటో తీయడం చాలా కష్టం, ఈ మాట తీసినవాళ్ళకే తెలుస్తుంది. కొండ ఉంటే కంటికి ఒక పట్టు ఉంటుంది. మా దగ్గర కనుచూపుమేర చదునే. వైడ్ లెన్స్‌తో తీస్తే పైన ఇంత ఆకాశం, కింద సన్నటి ఆకుపచ్చ గీత, అంతే మిగులుతుంది. నాకు దారి దొరికింది 70-300 జూమ్ లెన్స్ కొన్నాక. గట్టు మీద నిలబడి మూడు వందల దగ్గర పెట్టి చూస్తే చదునంతా దగ్గరికి ముడుచుకుని వరసలు వరసలుగా లేస్తుంది. ముందు బోదె అనే చిన్న కాలువ, దాని వెనక వరి, దాని వెనక గట్టు మీద కంది, ఆ వెనక తాటిచెట్లు, వాటి వెనక ఇంకో ఊరి రైస్ మిల్లు పొగగొట్టం. దానికీ ఒక గడువుంది, పొద్దున తొమ్మిది దాటితే నీళ్ళ మీద ఎండ వేడికి గాలి అల్లల్లాడుతుంది, దూరపు చెట్లన్నీ చెదిరిపోతాయి, ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా లాభం లేదు. డిసెంబర్, జనవరి నెలల్లో మంచు విడిచే అరగంటే అసలైన సమయం. అప్పుడు వెనక ఉన్న వరస ముందు వరస కంటే కాస్త పలచగా కనబడుతుంది, ఆ తేడాతోనే దూరం తెలుస్తుంది. జూలైలో అయితే ఇవేవీ అక్కర్లేదు, ఆకాశమే సగం పని చేసిపెడుతుంది.

అన్నీ వరసగా చూడటం వల్ల తెలిసినవి కొన్ని ఉన్నాయి, ఒక్కో ఫొటోగా చూసినప్పుడు ఎప్పుడూ తట్టలేదు. గిజిగాడి గూళ్ళు చెప్తాను. మా వైపు మురుగు కాలువల గట్ల మీద తాటిచెట్లకి గిజిగాళ్ళు గుంపుగా గూళ్ళు కడతాయి, వానాకాలంలో ఎప్పుడెళ్ళినా తీస్తూనే ఉన్నాను. వేర్వేరు ఏళ్ళవి, వేర్వేరు ఊళ్ళవి అన్నీ ఒకేసారి స్క్రీన్ మీద పరిస్తే దాదాపు ప్రతి చెట్టుకీ గూళ్ళు తూర్పు వైపు మట్టలకే వేలాడుతున్నాయి. ఎటు నుంచి తీశానో నాకు గుర్తుంది, నీడలు కూడా చెప్తున్నాయి. నైరుతి గాలి, వాన కొట్టేది పడమటి వైపు నుంచి కాబట్టి చెట్టుని అడ్డం పెట్టుకుని కడతాయి. ఒక ఫొటోని బాగా పెద్దది చేసి చూస్తే ఒక మగపక్షి వరి ఆకు చీలికని ముక్కుతో లాగి ముడేస్తోంది, గూడు సగమే అయింది, ఇంకా కింద గొట్టం కట్టలేదు, రెండు కన్నాలూ తెరుచుకునే ఉన్నాయి. ఆ దశలో ఆడపక్షి వచ్చి చూసుకుంటుంది, నచ్చితేనే మిగతాది కడతాడు, నచ్చకపోతే దాన్ని అలాగే వదిలేసి పక్క మట్టకి ఇంకోటి మొదలుపెడతాడు. అదే చెట్టుకి అలా వదిలేసిన సగం గూళ్ళు చాలానే వేలాడుతున్నాయి. ఫొటో తీసిన రోజు నేను చూసింది మబ్బుల్ని, ఆ తాటిచెట్టు వంపుని మాత్రమే.

ఇంకొకటి, కుప్పలు. 2009, 2010 డిసెంబర్ ఫొటోల్లో కోతలైన పొలాల్లో ఎటు చూసినా కుప్పలే. పనలు ఎండాక మోపులు కట్టి, కంకులు లోపలికి, మొదళ్ళు బయటికి పెట్టి గుండ్రంగా వేసిన కుప్పలు, వాటి కింద అప్పుడే మొలిచిన మినుము. మా వైపు కోతకి కొద్ది రోజుల ముందే వరిలోనే మినుములు చల్లేస్తారు, పదును ఆరకముందే మొలకెత్తాలని. కాబట్టి ఆ ఫొటోల్లో కింద లేత ఆకుపచ్చ, పైన కుప్పల బంగారు రంగు. ఏళ్ళు గడుస్తున్నకొద్దీ కుప్పలు తగ్గుతూ వచ్చి, ఈమధ్య తీసినవాటిలో ఒక్కటి కూడా లేదు. కోత మిషన్ వచ్చింది, వడ్లు పొలంలోంచే ట్రాక్టర్ ఎక్కుతున్నాయి, పొలంలో చైన్ల అచ్చులు మిగులుతున్నాయి, గడ్డిని యంత్రం చుట్టలు చుట్టేస్తోంది. కూలీలు దొరక్క, తుపాను భయానికి రైతు ఆ పని చేస్తున్నాడు, నేను తప్పుపట్టను. నవంబర్ చివర్లో వాయుగుండం అన్న మాట వింటే చాలు పల్లంలో ఎంత టెన్షన్ పడతారో అక్కడ ఉంటేగానీ తెలియదు. కానీ కుప్పలున్న పొలం చూపు వేరు. సాయంత్రం ఎండ పక్క నుంచి పడితే ఒక్కో కుప్పకి ఒక్కో నీడ, ఆ చదునుకి అప్పుడు ఎత్తుపల్లాలు వచ్చేవి. అది ఇక రాదు, నా దగ్గరున్నవే ఉన్నాయి.

ఊడ్పుల ఫొటోల్లో కూడా ఇలాంటి తేడానే. శ్రీశైలం, సాగర్ నిండక కాలువలకి నీళ్ళు ఆలస్యమైన ఏళ్ళల్లో ఆగస్టు ఫొటోల్లో కూడా ఇంకా నారుమళ్ళే కనబడుతున్నాయి, మిగతా చేలు దమ్ము చేయకుండా బీడుగా ఉన్నాయి. పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్ళు కృష్ణలోకి వచ్చాక తీసినవాటిలో జూలైకే చాలాచోట్ల నాట్లు పడిపోయి ఉన్నాయి. నేను నీటిపారుదల లెక్కలు రాసుకోవాలని వెళ్ళినవాణ్ణి కాదు, పచ్చదనం బాగుందని తీశాను. ఫొటో మీద తేదీ ఉంది కాబట్టి అదే లెక్కయి కూర్చుంది.

ఇక కొల్లేరు. దీని గురించి ఎంత రాసినా తక్కువే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళు నిలిచేదక్కడ, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి. 1999లో ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, లోపలి భాగాన్ని అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2005-06లో అందులో తవ్విన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం పేల్చేసింది. నేను కెమెరాతో వెళ్ళేటప్పటికి అది జరిగి మూడేళ్ళు దాటింది. నా మొదటి ఫొటోల్లో తెగిన గట్ల ముక్కలు నీళ్ళ మధ్య వరసగా ఉంటాయి, వాటి మధ్య కిక్కిస గడ్డి, వాటి మీద కొంగలు. ఆ తర్వాతి ఏళ్ళ ఫొటోల్లో అవే గట్లు కొన్నిచోట్ల మళ్ళీ కలుస్తూ కనబడతాయి. చెరువులు తవ్వుకున్న లంక గ్రామాలవాళ్ళు నాకు తెలిసినవాళ్ళే, వాళ్ళ బతుకుదెరువు సంగతి తేల్చకుండా సరస్సు సంగతి ఒక్కటే మాట్లాడితే న్యాయం కాదు. అలాగని నీళ్ళు పారే దారి మూసుకుపోతే ఏమవుతుందో కూడా నా ఫొటోల్లోనే ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడని ముంచాక ఆ నీళ్ళన్నీ చివరికి కొల్లేరుకే వచ్చాయి, కైకలూరు - ఏలూరు రోడ్డు మీద నీళ్ళు పారాయి, పెదఎడ్లగాడి వంతెన కింద నీళ్ళు పోయే ఖానాలకి గుర్రపుడెక్క అడ్డంపడి మేట వేసింది. ఆ ఫొటో చూస్తే పచ్చటి మైదానంలా ఉంటుంది, ఊదా పూలు కూడా ఉన్నాయి, సంగతి తెలియనివాళ్ళు ఎంత బాగుందో అంటారు. అందుకే దాని కింద ఏం జరిగిందో రాయకుండా ఎవరికీ చూపించను.

ఆటపాకలో తీసినవే ఎక్కువమందికి నచ్చుతాయి, నాకూ ఇష్టమే. అక్కడ చెరువులో చెట్లతోపాటు ఇనుప స్టాండ్లు పాతారు, వాటి మీద గూడబాతులు గూళ్ళు పెడతాయి, మేమంతా పెలికాన్లనే అంటాం. బోటు ఆ పక్కగా వెళ్ళినప్పుడు తీసిన ఒక ఫొటోలో పిల్ల తన తలని మెడదాకా తల్లి గొంతు సంచిలోకి దూర్చి, అన్నం గిన్నె అడుగుని గరిటెతో గీకినట్టు లోపలంతా వెతుకుతోంది, తల్లి కళ్ళు సగం మూసుకుని రెక్కలు కొంచెం పైకెత్తి నిలదొక్కుకుంటోంది. సంచి చర్మం పలచబడి పిల్ల ముక్కు ఆకారం బయటికి తెలుస్తోంది. ఆ ఫొటో తీసినప్పటికంటే ఇప్పుడు నాకు ఎక్కువ నచ్చింది. ఎందుకంటే వెనక స్టాండు కాళ్ళ మీద నీటి మట్టం చారలు కూడా పడ్డాయి, ఒకదాని కింద ఒకటి, వానాకాలం నుంచి నీళ్ళు ఎంతెంత దిగుతూ వచ్చాయో తెలిసేలా. ఎండాకాలానికి నీళ్ళుంటాయా లేదా అన్నదే ఆ పిల్లలకి అసలు ప్రశ్న.

ఒక ఫొటో సంగతి విడిగా చెప్పాలి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. రెండు రోజుల తర్వాత ఊరెళ్ళాను. ఆకాశం కడిగినట్టు ఉంది. కోసి పరిచిన పనలు నీళ్ళలో తేలుతున్నాయి, కోయని చేను పడిపోయి ఉంది, నీళ్ళలో మబ్బులు స్పష్టంగా కనబడుతున్నాయి. కెమెరా సంచిలోంచి తీయాలా వద్దా అని గట్టు మీద నిలబడిపోయాను. మడిలో మోకాళ్ళ లోతు నీళ్ళలో పనలు ఏరి గట్టు మీద పెడుతున్న ఆయన నన్ను చూసి, "తియ్యి బాబూ, తీసి నలుగురికీ చూపించు, కంకులకి మొలకలొచ్చేస్తున్నాయి" అన్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే నిజమే, గింజల చివర తెల్లటి మొలక, సూది మొనంత. కంకి ఫొటో ఒకటి, పొలం ఫొటో ఒకటి తీశాను. పొలం ఫొటోలో వెలుగు, ఆ ప్రతిబింబం నేను తీసినవాటన్నిటిలోకీ బాగున్నాయి. కానీ దాన్ని గోడకి పెట్టుకోలేను. విడిగా ఒక ఫోల్డర్ చేసి 'మునిగిన పొలం' అని ఊరి పేరు, తేదీ రాసి పెట్టాను, కంకి ఫొటో లేకుండా పొలం ఫొటో ఒక్కటే బయటికి వెళ్ళకూడదని రెండూ కలిపే ఉంచాను.

రా ఫైళ్ళు, అంటే కెమెరా ఏమీ మార్చకుండా దాచిన అసలు ఫైళ్ళు, అన్నీ దాచుకోవడం ఎంత మంచిదైందో ఈసారి బాగా తెలిసింది. 2009లో తీసిన ఫైలుని ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే అప్పట్లో తెల్లగా పోయిందనుకున్న ఆకాశంలో మబ్బుల అంచులు బయటికొస్తున్నాయి, చీకటి మూలల్లో గరుకుగా కనబడే రవ్వలు పోతున్నాయి. డీ90 పన్నెండు మెగాపిక్సెళ్ళదే అయినా పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల ప్రింటుకి నిక్షేపంగా సరిపోతుంది. మ్యాట్ పేపర్ మీద కొన్ని వేయించాను. ఫొటో ఏదో కాగితం మీదే తెలుస్తుందని నా గట్టి నమ్మకం, ఫోన్ స్క్రీన్ మీద పొగమంచు అంతా బూడిద రంగే.

ఆ ప్రింట్లు తీసుకెళ్ళి మా పెదనాన్నకి చూపించాను. జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. నులకమంచం మీద పరిస్తే కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోటి తీరిగ్గా చూశాడు. ఒకదాని దగ్గర ఆగి, "ఇది మన పెద్ద బోదె కాదట్రా?" అన్నాడు.

"అవును పెదనాన్నా, సార్వా ఊడ్పులు."

"సార్వా ఏంట్రా, దాళ్వా ఇది. సార్వా నాట్లప్పుడు ఆకాశం ఇలా ఉంటుందా? గట్ల మీద చూడు, కోసేసిన కంది మోళ్ళు. ఆ ఏడు దాళ్వాకి నీళ్ళిచ్చారు, ఇదిగో ఈ మడాయన నీళ్ళు ఎక్కువ పెట్టేశాడు, నారు తలలు మునిగిపోయాయి చూడు."

ఇంటికొచ్చి ఫైల్ తెరిచి చూస్తే తేదీ జనవరి, సార్వా అనే వానాకాలం పంటది కాదు, దాని తర్వాత వేసే దాళ్వాదే. ఆయన ఫొటో చదివిన తీరు చూశాక నేను చేసిన పని, ప్రతి ఫైల్ పేరులో ఏడాది, నెలతోపాటు ఊరు, పంట, కాలువ పేరు కూడా చేర్చడం. తెలియనివి ఆయన్నే అడుగుతున్నాను, ఆయన ఉత్సాహంగా చెబుతున్నాడు, కొన్నిటికి ఆ ఏడు వడ్ల ధర కూడా చెబుతున్నాడు. ఆ ధరలూ రాసుకుంటున్నాను.

అలా పేర్లు పెడుతుంటే ఏ ఊరిది ఏ నెలలో లేదో కూడా బయటపడింది. జనవరివి సంక్రాంతి వల్ల కుప్పలుతెప్పలు, జూన్‌వి దాదాపు లేవు. ముదినేపల్లి వైపు పోల్‌రాజ్ కాలువ ఎండాకాలం కట్టేసినప్పుడు తీసిన ఫొటో ఉంది, అడుగున పగుళ్ళిచ్చిన మట్టి, పిల్లలు అందులోకి దిగి క్రికెట్ ఆడుతున్నారు. నీళ్ళు వదిలిన రోజుది లేదు. ముందు నురగ, చెత్త, ఎండుటాకులు తోసుకుంటూ వస్తాయి నీళ్ళు, కొంగలు దాంతోపాటే గట్టు వెంబడి నడుస్తాయి, చిన్నప్పుడు చూశాను. ఎప్పుడు వదులుతారో లాకుల దగ్గర కనుక్కుని ఫోన్ చేస్తానన్నాడు పెదనాన్న. బ్యాటరీలు చార్జింగ్ పెట్టి ఉంచాను.